వాగ్ధాటియు రాజీయు

తిరుచానూరును యాత్రికులు పద్మావతీదేవి క్షేత్రముగానే యెఱుగుదురు గాని, 1891లో ఆ యూర జనించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు లోకసభాధ్యక్షపీఠ మధిష్ఠించిన సంగతిని, పంచమీతీర్థమునకు వచ్చు అశేషజనములో స్మరించువారు మిక్కిలి యరుదు. కొంతకాలము గణితము బోధించి, పిదప న్యాయవాదియై, సహాయనిరాకరణోద్యమమున ఏడాదిపాటు వృత్తిని విడిచి, 1934లో కేంద్ర శాసనసభ కెన్నికైన యీయనకు, ప్రభుత్వపక్షముపై కురిపించిన ప్రశ్నల ధాటిచే 'ఎమ్డెన్' అను బిరుదము లభించెను. 1914 సెప్టెంబరులో చెన్నపట్టణపు చమురు తొట్లపై గుండ్లు కురిపించి మాయమైన జర్మను యుద్ధనౌక పేరది. దొరతనమువారిచ్చు రావుబహద్దూరు బిరుదములకంటె ఇది యెంతో యథార్థము.

ఇట్టి వాగ్మిని తలచినపుడు నాకు అమెరికాలోని డేనియల్ వెబ్‌స్టరు జ్ఞప్తికి వచ్చును. 1850 మార్చి 7న సెనేటులో మూడు గంటలకు పైగా ప్రసంగించి, దక్షిణాది బానిస యజమానులకును ఉత్తరాది దాస్యవిరోధులకును నడుమ హెన్రీ క్లే ప్రతిపాదించిన రాజీని ఆయన సమర్థించెను. కాలిఫోర్నియా దాస్యరహిత రాష్ట్రముగా చేరవచ్చును. అందులకు మాఱుగా, పారిపోయి వచ్చిన బానిసను ఉత్తరాదివారే పట్టి యొప్పగింపవలెను! స్వరాష్ట్రమైన మసాచుసెట్సులోని దాస్యవిరోధులు ఆయనను ద్రోహి యనిరి. 1852లో ఆయన గతించెను. 1861లో అంతర్యుద్ధము రానే వచ్చెను. ఆయన సమైక్యతాభక్తిని నేను శంకింపను. కాని యెవరి మెడపై కాడి యున్నదో వారిలో నొక్కడైనను ఆ బేరమున పాల్గొనలేదు.

మన దేశపు అస్పృశ్యతయు అమెరికా బానిసత్వమును ఒక్కటే యనుట సరికాదు గాని, వెట్టిచాకిరి వేళ్లూనిన పల్లెలలో ఆ భేదమును చూపుట కష్టము. అస్పృశ్యులకు ప్రత్యేక నియోజకవర్గములను వదలుకొని, రాష్ట్ర శాసనసభలలో 148 స్థానములను స్వీకరించిన 1932 నాటి పూనా ఒడంబడికపై సంతకము చేసినవాడు వారి నాయకుడైన అంబేడ్కరే. అయినను, ఆ నియోజకవర్గములకు వ్యతిరేకముగా యెరవాడ చెరసాలలో సాగుచున్న గాంధీజీ నిరశనము ఆయన స్వేచ్ఛ నెంత కట్టివేసెనో మఱువరాదు. రాజ్యాంగసభనాటికి అంబేడ్కరు ముసాయిదా సంఘాధ్యక్షుడు. అయ్యంగారు మదరాసు ప్రతినిధులలో నొకరు. 17వ అధికరణముచే అస్పృశ్యత రద్దయ్యెను, 23వ దానిచే వెట్టి నిషిద్ధమయ్యెను. చట్టసభలలో ప్రత్యేక స్థానముల యేర్పాటు మాత్రము పదేండ్ల గడువుగల రాజీగా నిలిచెను.

ఆ గడువు తీరవచ్చినపుడు, 1959లో ఎనిమిదవ సవరణచే దానిని మఱి పదేండ్లు పొడిగించిన సభకు అధ్యక్షులు అయ్యంగారే. అధ్యక్షుడు వాదమున దిగరాదు. ఓట్లు సరిసమానమైననే తప్ప తన వోటును వేయరాదు. వెబ్‌స్టరు తన ప్రసంగబలముతో రాజీని నిలుపజూడగా, ఒకనాటి 'ఎమ్డెన్' పరుల ప్రసంగములను క్రమమున నడిపి తాను మిన్నకుండవలసి వచ్చెను; రెండవదియే కష్టతరమని నా యభిప్రాయము. పిమ్మట బీహారు గవర్నరుగిరి ముగించి, తిరుపతిలో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠ వ్యవహారములు చూచుచు, ఆయన 1978 వరకు జీవించిరి. వెట్టిని నేరముగా నెంచి కట్టుబానిసల ఋణములను కొట్టివైచిన కేంద్రచట్టము 1976లో గాని రాలేదు. 23వ అధికరణము అమలునకు వచ్చి అప్పటికి ఇరువదియాఱేండ్లు.