హాస్పిటల్‌కి ఆరోగ్యశ్రీ ఉందన్నారు.. మరి ఆ డాక్టర్ డిగ్రీ? ఆ ఆపరేషన్? అమీర్‌పేట్, పంజాగుట్టలో అడ్మిట్ అయ్యే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్: అమీర్‌పేట్ అనగానే చాలామందికి కోచింగ్ సెంటర్లు గుర్తొస్తాయి. కానీ మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే కోచింగ్ బోర్డులకు పోటీగా కనిపించేవి డాక్టర్ల బోర్డులే. క్లినిక్‌లు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, ప్రైవేటు ఆసుపత్రులు, చివరకు నిమ్స్. జిల్లాల నుంచి ఊరి ఆర్ఎంపీ చెప్పాడనో, బంధువు చెప్పాడనో రోజూ ఎంతోమంది పేషెంట్లు ఇక్కడికి వస్తుంటారు. వచ్చాక మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. ఆరోగ్యశ్రీ ఉందా?

ఉందంటారు. కానీ ఆ సమాధానం సరిపోదు. ఎందుకంటే ఆరోగ్యశ్రీలో ఆసుపత్రికి గుర్తింపు ఇచ్చేది విభాగాల వారీగా. ఆర్థోపెడిక్స్‌కు గుర్తింపు ఉన్న ఆసుపత్రికి గుండె ఆపరేషన్‌కు ఉండాలని ఏమీ లేదు. గేటు దగ్గర బోర్డు నిజమే కావచ్చు, పేషెంట్‌కు కావాల్సిన ఆపరేషన్ మాత్రం అందులో ఉండకపోవచ్చు. అడ్వాన్స్ కట్టి బెడ్ మీద పడుకోబెట్టాక ఈ సంగతి తెలిస్తే ఆ కుటుంబం పరిస్థితి ఏంటి? ఇది క్యాష్‌లెస్ పథకం. ముందు చేతి నుంచి కట్టేసి, తర్వాత బిల్లు పెట్టి తిరిగి తీసుకుందాం అనుకుంటే కుదరదు.

అందుకే ముందుగా కలవాల్సింది ఆరోగ్యమిత్రను. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఉండేది వీళ్లే. రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు చూపించి అడగాల్సిన మాట ఇది: ‘ఈ జబ్బుకు, ఈ ఆపరేషన్‌కు, ఈ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?’ వర్తిస్తే ఆసుపత్రి వాళ్లు ట్రస్ట్‌కు ఆన్‌లైన్‌లో ప్రీ ఆథరైజేషన్ పెడతారు. ట్రస్ట్ డాక్టర్లు రిపోర్టులు చూసి అప్రూవల్ ఇస్తారు. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీదే ముందు అనుమతి తీసుకుని, కాగితాలు తర్వాత పెట్టే వీలుంది. అప్రూవల్ వచ్చిందో లేదో అడిగి తెలుసుకోవడం పేషెంట్ హక్కు. మొహమాటపడాల్సిన పనేం లేదు.

పథకం సంగతి కూడా కాస్త. 2007 ఏప్రిల్ 1న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉమ్మడి ఏపీలో దీన్ని మొదలుపెట్టింది. తొలి విడతలో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలు. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల వరకు కవరేజీ. తెలంగాణ 2021లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, ఆ తర్వాత పరిమితి 5 లక్షలకు వెళ్లింది. 2023 డిసెంబర్ 9న రేవంత్ రెడ్డి ప్రభుత్వం దాన్ని 10 లక్షలకు పెంచింది. లిమిట్ పెరిగింది కాబట్టి ఎక్కడైనా, ఏ జబ్బుకైనా ఫ్రీ అని చాలామంది అనుకుంటున్నారు. పెరిగింది డబ్బు పరిమితి. జాబితాలో లేని చికిత్స ఇప్పటికీ బయటే.

ఇక డాక్టర్ సంగతి..

ఆసుపత్రికి గుర్తింపు ఉన్నంత మాత్రాన బోర్డు మీద ఉన్న ప్రతి డిగ్రీ సరైనదే అనుకోలేం. ఎంబీబీఎస్ అంటే బేసిక్ డిగ్రీ. ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ అంటే స్పెషలిస్ట్. డీఎం, ఎంసీహెచ్ అంటే సూపర్ స్పెషలిస్ట్. వీటి పక్కన వరసగా కనిపించే ఫెలోషిప్‌లు, సర్టిఫికెట్ కోర్సులు ఆ డిగ్రీలకు సమానం కావు. ఎండీ అనే రెండు అక్షరాల్లోనూ ఒక తిరకాసు ఉంది. రష్యా, ఫిలిప్పీన్స్ లాంటి దేశాల్లో చదివొచ్చిన వాళ్ల మొదటి డిగ్రీ పేరే ఎండీ. మన దగ్గర దాని స్థాయి ఎంబీబీఎస్. అదీ ఇక్కడి స్క్రీనింగ్ టెస్ట్, ఎఫ్ఎంజీఈ పాసైతేనే. ‘ఎక్స్ నిమ్స్’ అని రాసుకున్న బోర్డు కూడా అంతే. ఎక్కడ పనిచేశారో చెబుతుంది, ఏం చదివారో చెప్పదు.

చెక్ చేయడం పెద్ద కష్టం కాదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబర్‌ను క్లినిక్‌లో, ప్రిస్క్రిప్షన్ మీద, ఫీజు రసీదు మీద కూడా చూపించాలి. గుర్తింపు ఉన్న డిగ్రీలే పేరు పక్కన రాసుకోవాలి. ఆ నంబర్‌తో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనో, జాతీయ వైద్య కమిషన్ రిజిస్టర్‌లోనో వెతికితే పేరు, డిగ్రీ, చదివిన యూనివర్సిటీ కనిపిస్తాయి. పీజీ డిగ్రీ ఉందని బోర్డు మీద రాసి, రిజిస్టర్‌లో ఎంబీబీఎస్ ఒక్కటే ఉంటే అడగాల్సిందే. అదనపు డిగ్రీ నమోదు చేయించుకోవడం ఆలస్యమై ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. సీనియర్ డాక్టర్ల చీటీల మీద ఏపీఎంసీ నంబర్ కనిపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. రాష్ట్ర విభజనకు ముందు అందరూ ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లోనే నమోదయ్యారు.

రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఎన్ఎంసీ చట్టం సెక్షన్ 34 కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. విచిత్రం ఏంటంటే, ఆర్ఎంపీ అంటే పూర్తి పేరు రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. కానీ ఊళ్లలో ఆ పేరుతో తిరిగే వాళ్లలో చాలామందికి లేనిదే ఆ రిజిస్ట్రేషన్!

రిజిస్టర్‌లో పేరుంటే చాలా అంటే, దానికీ మినహాయింపులున్నాయి. స్క్రీనింగ్ టెస్ట్ పాస్ కాకుండానే పలు రాష్ట్రాల కౌన్సిళ్లలో రిజిస్ట్రేషన్ పొందారంటూ 73 మంది విదేశీ మెడికల్ గ్రాడ్యుయేట్లపై 2022 డిసెంబర్‌లో సీబీఐ కేసు పెట్టింది. 14 రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ల పేర్లు కూడా ఆ కేసులోకి వచ్చాయి. అలాగని చెక్ చేయడం మానేయలేం. సామాన్యుడి చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే.

పంజాగుట్టలో నిమ్స్ కథ వేరు. ఒకప్పటి నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి ఇది. 1989లో రాష్ట్ర చట్టంతో యూనివర్సిటీ హోదా వచ్చింది. డాక్టర్ల డిగ్రీల గురించి ఇక్కడ పెద్దగా సందేహాలు ఉండవు, సమస్యల్లా రద్దీయే. టెస్టులకు, బెడ్‌కు ఎదురుచూపులు తప్పవు. ఆ ఎదురుచూపు భరించలేకే చాలా కుటుంబాలు పక్క వీధిలోని ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కుతాయి. అక్కడా ఒక్కోసారి ఇబ్బందే. బకాయిలు చెల్లించట్లేదంటూ 2025 సెప్టెంబర్‌లో నెట్‌వర్క్ ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి, చర్చల తర్వాతే మళ్లీ మొదలుపెట్టాయి. కాబట్టి పోయిన నెల ఫలానా ఆసుపత్రిలో ఫ్రీగా చేశారన్న మాట పట్టుకుని బయల్దేరకుండా, ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.

ఆరోగ్యశ్రీ జాబితాలో లేని చికిత్స నిమ్స్‌లో చేయించుకోవాల్సి వస్తే ఇంకో దారి ఉంది. ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేషన్‌తో ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేస్తే ఎల్‌వోసీ ఇస్తారు. ఎమ్మెల్యే సిఫార్సు లేఖతో ఈ దరఖాస్తులు వెళ్తుంటాయి. ఎల్‌వోసీ చికిత్సకు ముందే తీసుకోవాలి. ఇక ఆరోగ్యశ్రీ కింద అడ్మిట్ చేసుకుని కూడా డబ్బులు అడిగితే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. డాక్టర్ డిగ్రీపై అనుమానం ఉంటే మాత్రం ఫిర్యాదు వెళ్లాల్సింది తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు. రిజిస్ట్రేషన్ నంబర్ కనిపించే ప్రిస్క్రిప్షన్, ఫీజు రసీదు జిరాక్స్‌లు జత చేస్తే పని సులువవుతుంది. ఏ కాగితం మీదా నంబర్ లేకపోతే ఆ విషయమే రాయండి.