బొల్లారం చెరువులు మోసిన ఖర్చు

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను ఆనుకున్న బొల్లారం గురించి కాదు ఈ వ్యాసం. పాత మెదక్ జిల్లా జిన్నారం ప్రాంతంలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరుకు ఎగువన ఉన్న పారిశ్రామికవాడ బొల్లారం గురించి. దాని చుట్టూ ఆసానికుంట, కాజిపల్లి చెరువు, కిష్టారెడ్డిపేట చెరువు, గండిగూడెం చెరువు ఉన్నాయి. ఒకప్పుడు వీటి తూముల కింద వరి పండేది, అలుగు దూకిన నీళ్లు వాగుల్లో పడి నక్కవాగుకు చేరేవి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర మెదక్ మీదుగా ఉత్తరానికి తిరిగి నిజాంసాగర్‌లోకి వెళ్తుంది. రాబడి పడిపోయి అప్పు పెరిగినప్పుడు ప్రభుత్వం ఏ బాధ్యత వదిలేస్తుంది, దేన్ని తోడుకుని ఆ ఏడాది గట్టెక్కుతుంది అని తెలుసుకోవాలంటే ఈ నీటి దారి వెంట నడిస్తే చాలు.

చరిత్ర మొదలుపెట్టాల్సింది దిగువ నుంచి, నిజాంసాగర్ నుంచి. 1929 తర్వాత ప్రపంచమంతా ధరలు కూలి, పంటకు కొనే దిక్కు లేని రోజుల్లో హైదరాబాద్ రాజ్యం తన చేతి కింది పనులను పెంచుకుంటూ పోయింది. 1929లోనే పరిశ్రమలకు పెట్టుబడి పెట్టే ట్రస్ట్ ఫండ్ ఏర్పడింది. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. 1932లో 27 బస్సులతో సర్కారీ రోడ్డు రవాణా మొదలైంది. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాయి. మంజీర నీళ్లతో చెరకు, ఆ చెరకుతో చక్కెర, ఆ చక్కెర మీద ఖజానాకు రాబడి. ఆ రాజ్యం ప్రజల రాజ్యమేమీ కాదు. జాగీర్దారీ, వెట్టి రాజ్యమేలుతున్న కాలం అది, రైతు శిస్తుతోనే ఈ కట్టడాలన్నీ లేచాయి. అయినా గడ్డుకాలంలో సర్కారు ముడుచుకుపోవడం తప్ప వేరే దారి లేదన్న వాదనకు మన నేల మీదే, మన నది మీదే సమాధానం ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత అదే దారి ఇంకా వెడల్పయింది. 1961లో ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ ఏర్పడింది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో దాని సింథటిక్ మందుల కర్మాగారం లేచింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. అదే ఏడాది కొత్త పేటెంట్ చట్టం అమల్లోకి రావడంతో, మందు ఒకటే అయినా తయారుచేసే పద్ధతి వేరైతే చాలు, ఎవరైనా తయారు చేసుకునే వీలు దొరికింది. మెదక్‌ను వెనుకబడిన జిల్లాగా గుర్తించి పెట్టుబడి రాయితీలిచ్చారు. 1973లో పుట్టిన రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ భూములు సేకరించి ప్లాట్లు కోసింది. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక పటాన్‌చెరు, బొల్లారం వాడలకు ఊపు రెట్టింపైంది.

ఐడీపీఎల్ చేసిన అసలు మేలు అది తయారుచేసిన మాత్రల్లో కన్నా అక్కడ తయారైన మనుషుల్లో కనిపిస్తుంది. రియాక్టర్ ముందు నిలబడి పని నేర్చుకున్న కెమిస్టులు ఒక్కొక్కరే బయటికి వచ్చి సొంత యూనిట్లు పెట్టుకున్నారు. ఆరేళ్ల పాటు అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ సంస్థ తొలి బల్క్ డ్రగ్ ప్లాంటు, అంటే మాత్రలకు కావాల్సిన ముడి మందు తయారుచేసేది, బొల్లారంలోనే. హైదరాబాద్ మందుల రాజధాని అయిందంటే వెనకున్నది ప్రజల డబ్బుతో నడిచిన ఆ బడి. ఆ మందుల వల్ల కోట్ల మందికి చవకగా చికిత్స అందింది, వేల ఇళ్లలో పొయ్యి వెలిగింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

అయితే ఈ వాడలు వదిలిన కాలుష్యాన్ని 1991 ఆర్థిక సంస్కరణల ఖాతాలో మాత్రమే రాసేవారితోనూ నేను ఏకీభవించను. ప్రభుత్వం బలంగా ఉన్న ఎనభైల్లోనే నక్కవాగు రంగు మారింది. రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి 1976లోనే ఏర్పడింది. రోడ్డు, కరెంటు, రాయితీ, పన్ను మినహాయింపు ఇవ్వడానికి ప్రభుత్వం పరుగెత్తింది. రసాయన మురుగు ఎటు పోవాలి అన్నది మాత్రం ఏ ఫైలులోనూ ముందు పేజీలో లేదు. వాగు ఊరికే దొరికింది, చెరువు ఊరికే దొరికింది, భూమిలోకి దిగిపోయే నీటిని అడిగేవారు లేరు. బల్క్ డ్రగ్ చవకగా తయారవడానికి కెమిస్టుల తెలివి ఒక కారణమైతే, వ్యర్థాన్ని శుద్ధి చేసే ఖర్చు లెక్కలోకి రాకపోవడం రెండో కారణం.

ఆ ఖర్చు ఊళ్లు భరించాయి. సుల్తాన్‌పూర్, కాజిపల్లి, గండిగూడెం, పోచారం, బాచుగూడెం, చిదురుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట పేర్లు కోర్టు కాగితాల్లోకి ఎక్కింది ఇందుకే. బావి నీళ్లు ఎర్రగానో పసుపుగానో తేలాయి. ఆ నీళ్లు పారిన మడిలో వరి ఏపుగా లేచి, వెన్నులో గింజ పట్టక తాలుపోయింది. వాగు నీళ్లు తాగిన గొడ్లు ఈచుకుపోయాయి, చేపలు తెల్లగా కడుపు పైకి తేలాయి. చెరువు మీద బతికే మత్స్య సంఘాలకు చెరువు పేరు మాత్రమే మిగిలింది. పటాన్‌చెరులో వైద్యం చేసుకుంటున్న డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగులను చూసి కారణం వెతుక్కుంటూ వాగు దాకా వెళ్లి, అక్కడి నుంచి దశాబ్దాల పోరాటంలోకి దిగారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో రిట్ వేసింది.

సరిగ్గా ఆ మరుసటి ఏడాది దేశం చేతిలో రెండు వారాల దిగుమతులకు మించి విదేశీ మారకం లేని స్థితి వచ్చింది. బంగారం కుదువపెట్టారు. తెలుగువాడు పీవీ నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా 1991 జూలై బడ్జెట్‌తో లోటు కోత, ప్రభుత్వరంగ కుదింపు విధానాలయ్యాయి. ఖాయిలా పరిశ్రమల చట్టాన్ని ప్రభుత్వరంగానికీ వర్తింపజేశారు. 1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా సంస్థగా ప్రకటించారు. దాని నిర్వహణలో లోపాలు లేవని అనను. మందుల ధరలను ప్రభుత్వమే కట్టడి చేసి, ఆధునికీకరణకు పెట్టుబడి ఇవ్వక, అలా వచ్చిన నష్టాలను చూపించే ఆ సంస్థ పనికిరాదన్నారు. తొంభైల మధ్యకల్లా బాలానగర్‌లో బాయిలర్లు చల్లారాయి. స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాల మీద సంతకాలు చేసి ఉద్యోగులు ఇంటిదారి పట్టారు.

రాష్ట్రంలో ఇదే కథ ఐదేళ్లు ఆలస్యంగా నడిచింది. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆర్థిక స్థితి మీద శ్వేతపత్రాలు విడుదల చేసింది. రెండు రూపాయల బియ్యం మూడున్నరకు చేరింది. 1995లో వచ్చిన మద్యనిషేధం 1997లో పోయింది. 1998లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆర్థిక పునర్నిర్మాణ పథకం వచ్చి, నష్టాల సంస్థలను మూయడం, అమ్మడం ప్రభుత్వ కార్యక్రమంగా మారింది. విద్యుత్ సంస్కరణల వెంట ఛార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద కాల్పులు జరిగాయి. 2002లో నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. మాంద్యంలో పుట్టిన కర్మాగారం పొదుపు పేరుతో మూతపడింది.

ప్రపంచంలో ఇది కొత్తేమీ కాదు. ఎనభైల్లో బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం ప్రభుత్వ సంస్థలు అమ్ముతూ, ఉత్తర సముద్రపు చమురు రాబడిని ఆ ఏటి ఖర్చులకూ పన్ను తగ్గింపులకూ వాడేసింది. అదే సముద్రంలో చమురు తీసిన నార్వే 1990లో చట్టం చేసి, రాబడిని రాబోయే తరాలకు నిధిగా దాచింది. చమురు తవ్వితే తరుగుతుందని అందరికీ తెలుసు కాబట్టి ఈ చర్చ అక్కడ జరిగింది. చెరువూ, భూగర్భ జలమూ అలాగే తరుగుతాయన్న ఎరుక మన బడ్జెట్ ప్రసంగాల్లో కనిపించదు. గండిగూడెం చెరువు చచ్చిపోతే, పోయిన ఆ ఆస్తి విలువను రాష్ట్ర స్థూల ఉత్పత్తి లెక్కలోంచి ఎవరూ తీసివేయరు. పైగా, ఆ ఊళ్లకు మంచినీటి ట్యాంకర్లు తోలితే ఆ అద్దె కూడా ఉత్పత్తి కిందే జమ అవుతుంది.

మళ్లీ నక్కవాగు దగ్గరకు వద్దాం. శుద్ధి బాధ్యత ప్రభుత్వం నేరుగా తీసుకోలేదు. పరిశ్రమలే కలిసి ఏర్పాటు చేసుకున్న కంపెనీ, పటాన్‌చెరు ఎన్విరోటెక్ లిమిటెడ్, ఉమ్మడి శుద్ధి కేంద్రాన్ని నడిపింది. కర్మాగారాల నుంచి ట్యాంకర్లలో మురుగు వస్తుంది. అక్కడ బ్యాక్టీరియా ఆ మురుగును తిని విరగ్గొట్టాలి. ఉప్పు ఎక్కువైన, ద్రావకాలు కలిసిన, యాంటీబయాటిక్ నిండిన మురుగులో బ్యాక్టీరియా ఎలా బతుకుతుంది? ఈ ప్రశ్నకు జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. జోకిమ్ లార్సన్ బృందం ఈ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వదులుతున్న నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. ఆ కేంద్రానికి దాదాపు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల మురుగు వచ్చేది. బయటికి పోయే లీటరు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో వాగులోకి పోయిన ఆ ఒక్క మందు దాదాపు 45 కిలోలు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90 వేలు, ఏ డాక్టరు చీటీ లేకుండా, రోజూ ఒక వాగుకు. తర్వాతి పరిశోధనలో చెరువుల్లోనూ, ఊరి బావుల్లోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా అక్కడ వృద్ధి చెందింది. దానికి జిల్లా సరిహద్దులు తెలియవు.

దీనికి కనుగొన్న పరిష్కారం 18 కిలోమీటర్ల పైపులైను. శుద్ధి కేంద్రం నీటిని నగర మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రం మీదుగా మూసీకి పంపారు. గోదావరి పరీవాహకంలో ఉన్న భారం కృష్ణా పరీవాహకంలోకి వెళ్లింది. నక్కవాగు కొంత ఊపిరి పీల్చుకుంది, నల్గొండ వైపు రైతుకు మాత్రం కొత్త కష్టం వచ్చింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, పటాన్‌చెరు–బొల్లారం 70.07తో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది. కొత్త యూనిట్లకు అనుమతులు కొంతకాలం ఆపి, తర్వాత సడలించారు. ఇక ఆ 1990 నాటి కేసు సుప్రీంకోర్టు నుంచి రాష్ట్ర హైకోర్టుకూ, అక్కడి నుంచి చెన్నైలోని హరిత ట్రైబ్యునల్‌కూ తిరిగి 2017లో ఒక కొలిక్కి వచ్చింది. రిట్ వేసిన నాడు పుట్టిన పిల్లలకు అప్పటికి 27 ఏళ్లు.

కష్టకాలంలో మొదలైన కోత మంచి రోజులు వచ్చాక ఆగిందా అంటే, లేదు. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో టీఎస్ ఐపాస్ చట్టం వచ్చింది. పరిశ్రమ యజమాని తానే ధ్రువీకరించి ఇస్తే చాలు, గడువులోగా అనుమతి. 2016 నాటి సులభతర వాణిజ్య ర్యాంకుల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ సమానంగా మొదటి స్థానం తెచ్చుకున్నాయి. లంచాలతో విసిగిన చిన్న పారిశ్రామికవేత్తకు ఇది ఊరట అని ఒప్పుకుంటాను. కానీ ఇన్‌స్పెక్టర్ రాకపోవడమే ప్రగతి అని లెక్కపెట్టే చోట, బాయిలర్ పక్కన నిలబడ్డ కాంట్రాక్టు కూలీకి దిక్కెవరు? 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలి 50 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. కొందరి శరీరాలు కూడా దొరకలేదు.

నా వాదన ఒక్కటే. ప్రభుత్వం తగ్గించుకున్న ఖర్చు ఎక్కడికీ పోలేదు. ఐడీపీఎల్ జీతాల పద్దు నుంచి, తనిఖీ సిబ్బంది పద్దు నుంచి తప్పించిన డబ్బు చిదురుప్ప రైతు తాలుపోయిన మడిలో, గండిగూడెం మత్స్యకారుడి ఖాళీ వలలో, ఆసుపత్రి బిల్లులో తేలింది. బడ్జెట్ పుస్తకం ఆ పేజీలను లెక్కపెట్టదు కాబట్టే కోత లాభంగా కనిపిస్తుంది.

నీళ్ల తర్వాత ఇప్పుడు నేల వంతు వచ్చింది. అప్పుల ఒత్తిడిలో ఉన్న ప్రభుత్వాలకు హైదరాబాద్ చుట్టుపక్కల భూమి ఖజానాగా మారి చాలా కాలమైంది. 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. 2025 నవంబరులో వచ్చిన పారిశ్రామిక భూముల బదలాయింపు విధానం, అవుటర్ రింగు రోడ్డు లోపలా దాని పరిసరాల్లోనూ ఉన్న పాత పారిశ్రామికవాడల్లో 9 వేల ఎకరాలకు పైగా భూమిని రుసుము కట్టించుకుని ఇళ్లకూ, ఆఫీసులకూ, మాల్స్‌కూ మార్చుకోనిస్తానంటోంది. కర్మాగారాలు నగరానికి దూరంగా వెళ్లడం మంచిదే. అయితే నలభై ఏళ్లుగా రసాయనం ఇంకిన మట్టి మీద అపార్ట్‌మెంట్ లేచేముందు ఆ మట్టిని ఎంత లోతు దాకా పరీక్షించాలి, ఎవరి ఖర్చుతో శుభ్రం చేయాలి? వసూలయ్యే రుసుములో ఆసానికుంటకు, నక్కవాగుకు ఎంత వాటా? తరలిపోయే యూనిట్లు దిగే కొత్త ఊళ్ల చెరువుల పక్కన, మొదటి ట్యాంకరు కదలకముందే, నీటి నమూనా తీసి రాసిపెట్టే ఉద్యోగిని నియమిస్తారా? ఈ మూడింటికీ సమాధానం జీవోలోనే, అంకెలతో సహా రాసి ఉండాలి.