గుండ్లకమ్మ రేవు, గుంటూరు సీటు

1972లో అమెరికా సుప్రీంకోర్టు, ఎనిమిదో తరగతి దాటాక పిల్లల్ని బడికి పంపబోమన్న ఆమిష్ క్రైస్తవ శాఖ తల్లిదండ్రుల పక్షాన నిలిచింది. అక్కడ మతం బడి నుంచి మినహాయింపు కోరింది. మిరప, పత్తి పండే మన గుంటూరు, ప్రకాశం నేలపై కథ తలకిందులు. మాదిగవాడకు మతమూ బడీ ఒకే గుమ్మంలోంచి వచ్చాయి. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ క్లౌ మాదిగలను చేర్చుకోగానే పై కులాల పిల్లలు ఆయన బడి మానేశారు. తిండి కోసమే మతం మారారన్నది పాత ఆక్షేపణ. కానీ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి ఇప్పించినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. వాళ్లను గింజల లెక్కతో కొలవలేం.

స్వాతంత్ర్యం వచ్చాక మతం, బడి దారులు విడిపోయాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులం హోదా లేదంది. మాదిగ క్రైస్తవ దంపతులకు పుట్టిన ఓ విద్యార్థి 1973లో హిందువుగా మారితే, గుంటూరు మెడికల్ కాలేజీలో ఎస్సీ సీటుకు అతని ఎంపిక రద్దయింది. కులం తిరిగి కలుపుకుంటే హోదా దక్కుతుందని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. క్రైస్తవంలో కులం లేదు గనుక రాయితీ ఎందుకంటారు. సిద్ధాంతంలో లేకపోవచ్చు, బాప్తిస్మంతో ఇల్లు వాడ దాటి ఊళ్లోకి రాలేదే! విశ్వాసమా, సీటా అని పిల్లవాణ్ణి తేల్చుకోమనే చట్టం రెండు హక్కులకూ న్యాయం చేయదు.