బ్రిటనులో జనాకర్షక నాయకులు: మోస్లీ, పవెల్

బ్రిటిషు ప్రజలు స్వభావముచేత మితమార్గమును కోరువారనియు, ఉద్రేకమును రేకెత్తించు నాయకులు వారికి రుచింపరనియు ఒక నమ్మకము కలదు. ఇటలీ, జర్మనీ దేశములలో నియంతలు గద్దెనెక్కిన కాలమున బ్రిటనులో పార్లమెంటరీ పద్ధతి చెక్కుచెదరక నిలిచిన మాట నిజమే. అయినను ఆ దేశమున అట్టి నాయకులు పుట్టకపోలేదు. వారి మాటలకు చెవియొగ్గినవారు లేకపోలేదు. వారి ఆకర్షణకు వాగ్ధాటి యొక్కటియే మూలమనుకొనుట పొరపాటు. పాలకులు పట్టించుకొనని బాధ యొకటి ముందుగా జనులలో ఉండవలెను. ఆ బాధను గుర్తించుటలో ఈ నాయకులు తరచు పొరబడలేదు. దానికి కారకులెవరో చూపుటలోనే జనులను దారి తప్పించిరి.

సర్ ఆస్వాల్డ్ మోస్లీ చరిత్ర ఇందుకు మొదటి దృష్టాంతము. 1896లో జన్మించి, మొదటి ప్రపంచయుద్ధమున పోరాడి, 1918లో 22వ ఏట కన్సర్వేటివు సభ్యుడుగా పార్లమెంటున ప్రవేశించెను. 1905లో వంగరాష్ట్రమును విభజించిన వైస్రాయి కర్జను ప్రభువునకు ఇతడు అల్లుడు. ఐర్లండులో ప్రభుత్వము సాగించిన దమననీతిని గర్హించి స్వపక్షమును వీడెను. 1924లో లేబరు పక్షమున చేరి, 1926లో స్మెథిక్ నియోజకవర్గమునుండి గెలిచి, 1929లో మంత్రి యయ్యెను. 1930లో నిరుద్యోగుల సంఖ్య 20 లక్షలు దాటెను. ప్రభుత్వమే పెద్దయెత్తున పనులు కల్పించవలెననియు, దిగుమతులను అదుపు చేయవలెననియు మోస్లీ ఒక ప్రణాళికను సమర్పించెను. మంత్రివర్గము దానిని త్రోసిపుచ్చగా రాజీనామా చేసెను. ఆనాడు అతని మాటలో సత్యమున్నదని పలువురు ప్రత్యర్థులే తలచిరి.

1931లో అతడు స్థాపించిన నూతన పక్షము ఒక్క స్థానమైనను గెలువలేదు. మరుసటి యేడు ముస్సోలినీ పాలనను కన్నులార చూచి వచ్చి, బ్రిటిషు ఫాసిస్టుల సంఘమును నెలకొల్పెను. నల్లచొక్కాలు, పతాకములు, దీపకాంతుల నడుమ నాయకుని ప్రవేశము—ఇవన్నియు మొదట కొందరిని మురిపించెను. సభ్యుల సంఖ్య 50 వేలకు చేరెనని అంచనా. కాని 1934 జూన్ 7న లండనులోని ఒలింపియా సభలో ప్రశ్నించినవారిని నల్లచొక్కాల కార్యకర్తలు చితకబాదుట చూచి మర్యాదస్థులు వెనుకకు తగ్గిరి. అటుపిమ్మట సంఘము యూదులను నిందించుటయే పనిగా పెట్టుకొనెను. పని లేనివారికి పని చూపుదునని బయలుదేరినవాడు, తూర్పు లండను ఇరుకు గదులలో బట్టలు కుట్టి పొట్టపోసికొను బీదలను శత్రువులుగా చూపెను. 1936 అక్టోబరు 4న కేబుల్ వీథిలో కార్మికులు, యూదులు అడ్డుకట్టలు కట్టి నిలువగా అతని ఊరేగింపు ఆగిపోయెను. ఆ యేడే రాజకీయ సంఘముల యూనిఫారములను నిషేధించు చట్టము వెలువడెను. 1940లో ప్రభుత్వము మోస్లీని నిర్బంధించెను. 1959లో ఉత్తర కెన్సింగ్టనులో వెస్టిండియనుల వలసను నిందించుచు మరల పోటీచేసి, ధరావతును సైతము కోల్పోయెను. నింద మాత్రము నిలిచెను, నిందితులు మారిరి.

మోస్లీ ఒకనాడు ప్రాతినిధ్యము వహించిన స్మెథిక్‌లోనే 1964లో వలసవారిపై ద్వేషమే ప్రధానముగా సాగిన ప్రచారముతో కన్సర్వేటివు అభ్యర్థి గెలిచెను. ఆ ప్రాంతపు ఇనుప కార్ఖానాలలో పంజాబునుండి వచ్చినవారు అనేకులు పనిచేయుచుండిరి. ఇళ్ల కొరత తీవ్రముగా ఉండెను. అది తీర్చవలసినవారిని నిలదీయుటకంటె పొరుగింటి తలపాగాను దూషించుట సులభమాయెను.

ఆ సమీపముననే ఉన్న వుల్వర్‌హాంప్టన్ ప్రతినిధి ఈనక్ పవెల్. ఇతడు మోస్లీవంటివాడు కాడు. ఫాసిజముపై యుద్ధమున సైన్యమున చేరినవాడు. గ్రీకు భాషలో మహాపండితుడు. భారతదేశమున సైనికాధికారిగా నుండి ఉర్దూ నేర్చెను. వైస్రాయి కావలెనని కలలు కనెను. 1960–63 సంవత్సరములలో ఆరోగ్యమంత్రిగా నున్నప్పుడు అతని శాఖ ఆసుపత్రులలో భారతీయ వైద్యులు, వెస్టిండియను నర్సులు సేవచేయుచుండిరి. అట్టివాడు 1968 ఏప్రిల్ 20న బర్మింగుహాములో, జాతివివక్షను నిషేధింపనున్న బిల్లును ఖండించుచు, వలసలు కొనసాగినచో ఘోరము జరుగునని, వర్జిల్ కావ్యములోని ఒక భయంకర ప్రవచనమును స్మరించెను. అతడు ప్రస్తావించిన వృద్ధురాలి కథకు ఆధారమేమని పత్రికలవారు వెదకినను ఆమె జాడ నాడు తెలియలేదు. మరునాడే పక్షనాయకుడు హీత్ అతనిని ముఖ్యబాధ్యతనుండి తొలగించెను. కాని ఏప్రిల్ 23న లండను రేవుకూలీలు పని మాని అతనికి మద్దతుగా పార్లమెంటువరకు నడిచిరి. గాలప్ సంస్థ విచారణలో నూటికి 74 మంది అతని మాటతో ఏకీభవించిరి.

నల్లచొక్కా సాధింపలేనిది సామాన్యుని ఫిర్యాదు రూపములో వచ్చిన మాట ఏల సాధించెను? మోస్లీ వేషము పరదేశపుదిగా తోచెను. పవెల్ పలుకు ఇంటివాడి పలుకుగా వినబడెను. అతనికి మరల పదవి దక్కలేదు. అయినను 1971 చట్టము కామన్వెల్తు దేశములనుండి వలసను మరింత బిగించెను. దానికి అతడొక్కడే కారణము కాకపోవచ్చును. అతని నీడ లేదనుటయు సాధ్యము కాదు.

ఇటీవలి కాలమున నైజెల్ ఫరాజ్ నాయకత్వమున 2014 యూరోపియను ఎన్నికలలో ఒక పక్షము ప్రథమస్థానము పొందెను. 2024లో మరొక పక్షము 40 లక్షలకు పైగా ఓట్లు గడించెను. ఎన్నికల మార్గమున నడిచిన ఆయనను మోస్లీతో ఒకే గాటను కట్టుట న్యాయము కాదు. అయినను ఓటర్లు ఏ బాధతో ఆ వైపు నడిచిరను ప్రశ్న పాతదే. నాయకుని ఓడించుటకు ఎన్నిక చాలును, చట్టము చాలును, కొన్నిమార్లు వీథిలో నిలిచిన కార్మికుడు చాలును. అతడు వాడుకొన్న బాధను తీర్చుటకు మాత్రము పాలకులే పూనుకొనవలెను. 1930లో మోస్లీ ప్రణాళికను ప్రక్కకు నెట్టినవారికి ఆ సంగతి తెలియలేదు.