వాపు కథ: భీమవరం నుంచి ఫ్రీమాంట్ దాకా

"వాపు చూసి బలుపనుకున్నట్టు" అని మనకో సామెత ఉంది. మా ఇంట్లో అది అక్షరాలా జరిగింది. రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి మా అమ్మ కుడిచెయ్యి కాస్త నిండుగా కనిపిస్తే, "అమెరికా తిండి ఒంటబట్టిందే అమ్మా" అని వేళాకోళం చేశాను. గాజులు ఎక్కడం మానేశాక గానీ అది వాపని తెలియలేదు.

తెలిశాక నాకు తోచిన వైద్యం మొదలుపెట్టాను. కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, రోజూ రాత్రి గట్టిగా పిసికేవాణ్ణి. అమ్మ పాపం ఓర్చుకుంది. వాపు తగ్గలేదు సరికదా, చెయ్యి ఇంకా బరువెక్కిందంది. చివరికి ఇక్కడ ఫ్రీమాంట్‌లోనే, ఈ పనిలో శిక్షణ పొందిన ఒక థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నూనె ముట్టుకోలేదు, బలం ఉపయోగించలేదు. వాచింది చెయ్యి అయితే, మొదలుపెట్టింది మెడ దగ్గర! పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు చర్మాన్ని మెల్లగా జరిపి వదిలేస్తోంది. "ఇదేం వైద్యం?" అనుకున్నాను. ఆ అనుమానమే నన్ను ఈ చరిత్రలోకి దింపింది.

రక్తనాళాల్లోంచి ఊటలా బయటికొచ్చిన నీరంతా నేరుగా వెనక్కి పోదు. రోజుకి రెండు, మూడు లీటర్లు కండల మధ్య మిగిలిపోతుంది. దాన్ని పోగుచేసి మెడ కింది పెద్ద సిరల్లో కలిపే సన్నటి కాలవలే లింఫు నాళాలు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి 'శోషరసం' అంటే గుర్తొస్తుంది. ఈ కాలవలకి గుండె లాంటి పంపు లేదు. వాటి గోడలే ముడుచుకుంటూ, కండరాల కదలిక సాయంతో నీటిని ముందుకి నెడతాయి. దారిలో వచ్చే గ్రంథులు వాచినప్పుడే మనం చంకలో, గజ్జల్లో "బిళ్ళ కట్టింది" అంటాం. కాన్సర్ కోసం చంకలోని గ్రంథులు తీసేస్తే తూము మూసేసినట్టే. దిగువ తూము తెరవకుండా ఎగువ నుంచి నీరు వదిలితే చేను మునుగుతుంది. మెడ దగ్గర మొదలుపెట్టడం అందుకే! గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇక ఆ సన్నటి నాళాలు చర్మాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి గనక, వాటికి నిమరడం చాలు, పిసకడం అక్కర్లేదు.

ఈ కాలవల్ని మనిషి ఆలస్యంగా గుర్తించాడు. 1622లో ఇటలీలో గాస్పారె అసెల్లి ఒక కుక్క పేగుల దగ్గర పాలలాంటి ద్రవంతో నిండిన నాళాల్ని చూశాడు. 1650లలో స్వీడన్‌లో రూడ్బెక్, డెన్మార్క్‌లో బార్తొలిన్ మిగతా ఒళ్ళంతా ఇవి ఉన్నాయని చూపించారు. నిమిరే పద్ధతి మాత్రం 1930లలో వచ్చింది. డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వాడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ ఫ్రాన్సులోని కాన్ పట్టణంలో మర్దనా చేసేవారు. జలుబు వదలని రోగులకి మెడ దగ్గర గ్రంథులు వాచి ఉండేవి. వాటిని ముట్టుకోకూడదన్నది అప్పటి వైద్యుల మాట. వాళ్ళు ముట్టుకున్నారు, చాలా మెల్లగా. 1936లో ప్యారిస్‌లో ఆ పద్ధతిని ప్రకటించారు. వాడర్ డాక్టరు కాదు గనక వైద్యలోకం చాలాకాలం పట్టించుకోలేదు. 1960లలో జర్మనీలో ఆస్డోంక్, తర్వాత ఫోల్డి వంటి డాక్టర్లు దానికి బిగుతు కట్లు, వ్యాయామం, చర్మ సంరక్షణ జోడించాక అది ఆసుపత్రుల్లోకి వచ్చింది.

ఇదంతా చదివి చెబుతుంటే అమ్మ, "మా అమ్మ కాలికీ ఇదేనట్రా?" అంది. అమ్మమ్మది భీమవరం పక్క పల్లె. ఆవిడకి బోదకాలు. ఫోటో తీస్తామంటే చీర కుచ్చిళ్ళు నేలకి ఆనేదాకా దించుకునేది. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. ఫైలేరియా వాళ్ళు రాత్రిపూట ఇంటికొచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్ళడం అమ్మకి గుర్తుంది. ఆ పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చేది రాత్రి వేళే. పెద్ద పురుగులు మాత్రం లింఫు నాళాల్లోనే కాపురం పెట్టి వాటిని పాడుచేస్తాయి. అమ్మకి కత్తి చేసిన పనిని అమ్మమ్మకి దోమ చేసింది.

ఆ పురుగు మీద మొదటి గట్టి దెబ్బ కొట్టినవాడు భీమవరంలోనే పుట్టాడు. 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో న్యూయార్క్ దగ్గర లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికన్ సైనికులకి వేల సంఖ్యలో ఫైలేరియా సోకింది. 1947లో సుబ్బారావు గారి బృందం హెట్రజాన్ మందుని లోకానికిచ్చింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. మన దేశంలో 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 నుంచి ఫైలేరియా జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ పంచుతూ వచ్చినది ఆయన మందే.

అయితే ఆ మందు పురుగుని చంపుతుంది గానీ పాడైన నాళాన్ని బాగుచెయ్యదు. ముదిరిన కాలికి కావలసింది రోజూ సబ్బుతో కడిగి తడి లేకుండా తుడవడం, ఎత్తులో పెట్టడం, కదిలించడం, కట్టు కట్టడం. అంటే ఎవరో ఒకరు ఆ కాలిని ముట్టుకోవాలి. అమ్మమ్మ మాత్రలు మింగింది. ఆ కాలిని మాత్రం ఎవరికీ చూపించలేదు. మేమూ అడగలేదు.

మనవాళ్ళకి రెండు మాటలు. ఒంట్లో విషాలు పోతాయని స్పాలలో చెప్పే మాటలు నమ్మకండి. హాయిగా ఉండటం నిజమే గానీ, జబ్బు వాపుకి శిక్షణ ఉన్న చెయ్యి, దానితోపాటు బిగుతు తొడుగూ కావాలి. వాచినచోట ఎర్రబడి జ్వరం వచ్చినా, రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉన్నా, గుండె జబ్బున్నా ముందు డాక్టరుని అడగాలి. ఇక్కడ 1998లో వచ్చిన చట్టం ప్రకారం, రొమ్ము తొలగించే ఆపరేషన్‌కి డబ్బిచ్చే చాలా బీమాలు ఆ తర్వాత వచ్చే లింఫు వాపు చికిత్సకీ ఇవ్వాలి. మొహమాటపడి ఊరుకోకండి.

ఇప్పుడు రోజూ రాత్రి పావుగంట అమ్మ చెయ్యి నిమరడం నా పని. వాపు పూర్తిగా పోలేదు, పోదని కూడా చెప్పారు. కానీ సగం గాజులు ఎక్కాయి. ఆదివారాలు లేక్ ఎలిజబెత్ చుట్టూ తొడుగేసుకుని నడుస్తుంది. మొదట్లో దాని మీద శాలువా కప్పుకునేది. మొన్న ఎవరో తెలుగావిడ "ఏమైందండీ చేతికి?" అని అడిగితే, శాలువా తీసి మరీ చూపించింది.