రాత్రి ముహూర్తములు, ఫ్లాష్ వెలుగులు

తెలుగునాట పెండ్లి ముహూర్తములు పెక్కు రాత్రివేళలందే కుదురుచుండుట పురోహితులకు సహజమే కావచ్చును గాని, కెమెరాను నమ్ముకొని బ్రదుకువారికి మాత్రము అది తరతరములుగా ఒక పరీక్షయై నిలిచినది. తెల్లవారుజామున జీలకర్ర బెల్లము పెట్టించు అయ్యవారు ఫోటోగ్రాఫరు కొఱకు సూర్యోదయము దాక ఆగరు గదా! ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందు ఈ చిక్కునకు ఇండ్ల కట్టుబడియు తోడయ్యెను. మట్టిమిద్దె, పొగచూరిన దూలములు, గవాక్షి నుండి దిగు కాస్త వెలుగు తప్ప పట్టపగలును చీకటి వీడని నడిమిల్లు - ఇట్టి చోట ఫ్లాష్ అనునది విలాసవస్తువు గాదు, పనిముట్టు. అందుచేతనే ఇచటి వృత్తిదారు ఎల్లకాలము వెదకినది గొప్ప ఫ్లాష్‌ను గాదు, తన సంపాదనకు అందు ఫ్లాష్‌ను.

1887లో జర్మనీ దేశస్థులైన మీథె, గేడికె అనువారు మెగ్నీషియము చూర్ణమున పొటాషియము క్లోరేటు మున్నగు ద్రవ్యములు కలిపి, అంటించినంతనే భగ్గుమను పొడిని సిద్ధపఱచిరి. అంతకు పదునాఱేండ్ల ముందే, అనగా 1871లోనే, మద్రాసు బొంబాయిలను కలుపు రైలుమార్గము ఆదోని మీదుగా పూర్తియై యుండుటచే, ఆ రెండు మహానగరముల సరకులకును ఈ ప్రత్తిపట్టణము దారిలోనిదే. కాని ఆ పొడి వెలుగుతోపాటు తెల్లని పొగను, నిప్పురవ్వలను గూడ చిమ్మునట్టిది. దూదిపింజలు గాలిలో తేలియాడు జిన్నింగు మిల్లు ఆవరణలో దానిని అంటింపవలెనన్న ఎంతటి సాహసికిని చేయి వణకక మానదు.

1929-30 ప్రాంతమున జర్మనీలో వెలువడిన ఫ్లాష్ బల్బు ఆ భయమును తీర్చెను. గాజుబుడ్డిలో ప్రాణవాయువు నింపి, అందు పలుచని అల్యూమినియము రేకును గాని తీగను గాని చుట్టి, సెల్లు విద్యుత్తుతో మండించుటయే దాని రహస్యము. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లానుండి విడివడి, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమున కర్నూలు జిల్లాలో చేరునాటికి లోకమున ఇంకను బల్బుల కాలమే సాగుచుండెను. ఒక్క మెఱుపుతో బల్బు ఆయువు తీఱును. గాజు బొబ్బలెక్కి కాలిపోవుచుండగా, దానిని చేతిరుమాలుతో పట్టి ఊడదీసి, క్రొత్తదానిని బిగింపవలెను. 120 రీలునకు పండ్రెండు బొమ్మలైనచో పండ్రెండు బల్బులు ఖర్చు! కావున మాంగల్యధారణకొకటి, తలంబ్రాలకొకటి, అప్పగింతలకొకటి అని ముందే లెక్కవేసికొనక తప్పెడిది కాదు. ఆనాటి పెండ్లి ఆల్బములు పలుచనగుటకు మన పెద్దల నిరాడంబరతయే కారణమని చెప్పుకొందుము గాని, బల్బుల వెలకు అందు ఎక్కువ వాటా కలదని నా అభిప్రాయము.

1931లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున హెరాల్డ్ ఎడ్జర్టన్ అభివృద్ధిపఱచిన ఎలక్ట్రానిక్ ఫ్లాష్, కాలక్రమమున చిన్నదియు చౌకయునై మన పట్టణముల స్టూడియోలకు చేరి, ఈ లెక్కను తలక్రిందులు చేసెను. కండెన్సరులో కూడిన విద్యుత్తు జెనాన్ వాయువు నిండిన గొట్టము గుండ ఒక్కసారిగా ప్రవహించి వెలుగును. ఆ గొట్టమే వేలకొలది మెఱుపులకు చాలును. ఫ్లాష్ గన్ను వీపున అంటించిన పట్టిక నాటి వృత్తిదారులకు కంఠపాఠము. గైడ్ నంబరును దూరముచే భాగించినచో ఎపర్చరు తేలును: నంబరు 32, పెండ్లికొడుకు నాలుగు మీటర్ల దూరమున నిలిచెనా, ఎఫ్ 8, ఎనిమిది మీటర్లైనచో ఎఫ్ 4. దూరము రెట్టింపైన వెలుగు నాల్గవ వంతగునను భౌతికశాస్త్ర సూత్రమును, దాని పేరైన వినకయే, వారు వ్రేళ్లమీద లెక్కించెడివారు. ముఖములు మఱీ తెల్లబారకుండ తెల్లరుమాలును గన్ను మూతికి మడత పెట్టి కట్టుటయు ఉండెడిది. ఆ మడతల లెక్క మాత్రము ఏ పట్టికలోను కానరాదు.

అటుపిమ్మట వచ్చిన డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు చౌకగా ఫ్లాష్ కొనదలచువారు మొదట తొలగింపవలసినది స్టూడియో బీరువాలోని పాత గన్నునే. వానిలో కొన్నింట కెమెరాను తాకు మొన వద్ద రెండువందల వోల్టులకు పైబడిన ఒత్తిడి యుండును; పాత కెమెరాలోని లోహపు స్విచ్చి దానిని భరించెను గాని, డిజిటల్ కెమెరా సున్నితపు సర్క్యూటు చెడిపోవచ్చును. యాంగ్‌నువో, గోడాక్స్ వంటి చైనా ఫ్లాష్‌లు కెమెరా కంపెనీల ఫ్లాష్‌లకంటె ఎన్నో రెట్లు తక్కువ ధరకు దొరకుట మొదలైన పిదప, ఇక ఆ సాహసమునకు పనియే లేదు.

డబ్బామీద అచ్చొత్తిన గైడ్ నంబరును చూచి భ్రమపడుటయు తగదు. గోడాక్స్ టీటీ600కు చెప్పెడి 60 అను సంఖ్య, తలలోని జూమును 200 మిల్లీమీటర్లకు బిగించి కొలచినది. పందిరి అంతయు పట్టునట్లు తలను వెడల్పు చేసినచో అది మిక్కిలి తగ్గును. అయినను చింత వలదు: ఐఎస్‌ఓను 100 నుండి 400కు పెంచినంతనే గైడ్ నంబరు రెట్టింపగును. ఫిల్ము రోజులలో బలమైన గన్నుకై పెట్టిన సొమ్మును నేడు సెన్సారే మిగుల్చుచుండగా, సంఖ్యకై కాక, పైకిని ప్రక్కకును తిరుగు తలకై డబ్బు వెచ్చించుట వివేకము. కల్యాణమండపపు తెల్లని కప్పుకు గురిపెట్టినచో వెలుగు మెత్తనై దిగును, గోడమీది నల్లని నీడ మాయమగును. మట్టిమిద్దెలో మాత్రము ఈ ఉపాయము సాగదు. నల్లని దూలములు వెలుగును మ్రింగివేయును.

అట్టి చోట ఫ్లాష్‌ను కెమెరానుండి వేఱుచేయుటయే దారి. మాచాని సోమప్పగారు 1938లో చేనేతకారుల సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరిలో గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగానిని ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన బొమ్మలో పడుగు ఒక తెల్లని పలకవలె కనబడును. అదే ఫ్లాష్‌ను గవాక్షి క్రింద, ప్రక్కగా, పడుగుకంటె జానెడెత్తున నిలిపి రేడియో ట్రిగ్గరుతో వెలిగించినచో పోగుకు పోగు విడివడి, ఒక్కొక్క దారమునకు దాని సన్నని నీడ ఏర్పడును. టీటీ600 వంటివానిలో రేడియో గ్రాహకము లోననే యుండుటచే, కెమెరాపై ఒక ట్రిగ్గరు అమర్చిన చాలును.

టీటీఎల్, అనగా కటకము గుండ వచ్చు వెలుగును కొలిచి ఫ్లాష్ బలమును కెమెరాయే నిర్ణయించు పద్ధతి, కావలెనా అను ప్రశ్నకు నా సమాధానము ఇది: బరాతుతో పాటు నడచుచు తీయువానికి కావలెను, ఏలయన అడుగడుగునకు దూరము మాఱును, మగ్గము ముందును, పీటల ముందును అక్కఱలేదు, అచట మాన్యువలే నిలకడ. మిగిలిన సొమ్ముతో రీచార్జి చేయదగిన పెన్సిల్ సెల్లులు రెండు జతలు, మంచి చార్జరు కొనవలెను. కొనునపుడు దుకాణమునందే నిండు బలముతో వరుసగా వెలిగించి, రెడీ లైటు మరల వెలుగుటకు పట్టు క్షణములను లెక్కించుట మఱువరాదు. తలంబ్రాలు పోసికొను వధూవరులు దానికొఱకు ఆగరు.