బండి మారినా దమ్ము తనదే

మా చోడవరం చుట్టుపక్కల ఊళ్ళలో తీర్థమంటే ఎడ్ల పరుగు చూడాల్సిందే. జనం అందరూ ఎడ్లనే చూస్తారు. ఒక్కసారి తోలేవాణ్ణి చూడండి. బండి ఎగిరెగిరి పడుతుంటే మోకాళ్ళు కాస్త వంచి, నడుము బిగించి, పగ్గాలు వదలకుండా నిలబడతాడు. పరుగు ముగిసి కిందికి దిగినప్పుడు ఎడ్లతో పాటు అతని డొక్కలూ ఎగిరిపడుతుంటాయి. ఈ ఏడు ఒక రైతు జత తోలినవాడు వచ్చే ఏడు ఇంకో రైతు జత తోలవచ్చు. ఎడ్లు మారతాయి, బండి మారుతుంది. అతని వెంట వచ్చేది అతని ఒళ్ళూ, దానిలోని దమ్మూ మాత్రమే.

కారు పందేల చరిత్ర కూడా నా కళ్ళకు ఇలాగే కనిపిస్తుంది. డెబ్బై అయిదేళ్ళ ఫార్ములా వన్‌లో చాలా కాలం నిలిచి కూడా జట్టు మారని డ్రైవర్లు అరుదు. మారిన ప్రతిచోటా నిలబడినవాళ్ళు మాత్రం ఒంటిని సానపెట్టుకున్నవాళ్ళే.

ఫార్ములా వన్ ప్రపంచ పోటీ 1950లో మొదలైంది. ఆ తొలి రోజుల మేటి అర్జెంటీనాకు చెందిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. అయిదుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. ఆ అయిదూ ఒకే జట్టులో గెలిచినవి కావు. ఆల్ఫా రోమియో, మెర్సిడెస్, ఫెరారీ, మాసెరాటి అని నాలుగు జట్ల కార్లు తోలాడు. 1955 జనవరిలో అర్జెంటీనా పందెం నిప్పులు చెరిగే ఎండలో మూడు గంటలు సాగింది. చాలామంది డ్రైవర్లు సొమ్మసిల్లి మధ్యలోనే దిగిపోతే, కార్లను వంతులవారీగా వేరేవాళ్ళు నడిపారు. మొదటి నుంచి చివరి దాకా ఒంటరిగా నడిపినవాళ్ళు ఇద్దరే. వాళ్ళలో ఒకడైన ఫాంజియో, కారు లోపలి వేడి గొట్టం తగిలి కాలు కాలుతున్నా వదలకుండా ఆ పందెం గెలిచాడు. 1957లో అయిదో కిరీటం అందుకునేనాటికి అతనికి 46 ఏళ్ళు.

అయినా ఆ తరంలో కసరత్తు ఒక పద్ధతిగా ఉండేది కాదు. పుట్టుకతో దమ్మున్నవాడు నెగ్గాడు, లేనివాడు కూలబడ్డాడు. 1980ల నాటికి కార్ల వేగం మనిషి ఓర్పును దాటిపోయింది. 1982లో బ్రెజిల్ పందెంలో ముందు వచ్చిన నెల్సన్ పికే బహుమతి వేదిక మీదే స్పృహ తప్పాడు. 1984లో డల్లాస్‌లో నైజెల్ మాన్సెల్ ఆగిపోయిన కారును గమ్యం గీత దాకా తోయబోయి, దాని పక్కనే కుప్పకూలాడు. యంత్రం ఎంత గొప్పదైనా లోపల కూర్చున్నది మనిషేనని ఆ రెండు దృశ్యాలు లోకానికి చూపించాయి.

కూర్చుని స్టీరింగ్ తిప్పేవాడికి అంత శ్రమ ఏమిటని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు తల తన బరువుకు నాలుగైదు రెట్లు బరువెక్కుతుంది. తలా హెల్మెట్టూ కలిసి ఆరేడు కిలోలనుకున్నా, మెడ మీద ఒక పక్కకు ముప్పై కిలోలు వేలాడినట్టే. ఒక్క పందెంలో అలాంటి మలుపులు వందల్లో వస్తాయి. గంటన్నరకు పైగా గుండె పరుగు పందెగాడి గుండెలా కొట్టుకుంటూనే ఉంటుంది. వేడి దేశాల్లో చెమట రూపంలో రెండు మూడు కిలోలు కరిగిపోతాయి. పైగా చాలా ఏళ్ళు కారుకూ డ్రైవరుకూ కలిపే కనీస బరువు లెక్కించేవారు. దాంతో బరువెక్కువ ఉన్నవాడు నష్టపోయేవాడు. డ్రైవరుకు సీటుతో కలిపి 80 కిలోల కనీస బరువు విడిగా పెట్టింది 2019లోనే. అంటే అప్పటిదాకా కండలు పెంచకూడదు, దమ్ము మాత్రం పెంచాలి. దానికి దారి పరుగు, సైకిల్, ఈత. సుదూర ఆటలు డ్రైవర్ల జీవితంలోకి వచ్చింది ఈ అవసరం వల్లనే.

ఈ మార్పును ఒక క్రమశిక్షణగా స్థిరపరిచిన వ్యక్తి మైకేల్ షూమాకర్. బెనెటన్‌లో 1994, 1995 కిరీటాలు గెలిచి, 1996లో ఫెరారీకి మారాడు. అప్పుడు ఫెరారీ కారు బలహీనం. దాన్ని గెలుపు బాట పట్టించడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ తర్వాత 2000 నుంచి 2004 వరకు వరసగా అయిదు కిరీటాలు. పందెం అయ్యాక అతను ఏమీ జరగనట్టు కారు దిగడం చూసి మిగతావాళ్ళు తమ దినచర్యలు మార్చుకున్నారు.

తర్వాతి పేరు జెన్సన్ బటన్. విలియమ్స్, బెనెటన్, బ్రిటిష్ అమెరికన్ రేసింగ్, హోండా, ఇలా జట్లు చూసి 2009లో బ్రాన్ కారులో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ వెంటనే, 2010కి మెక్‌లారెన్‌కు మారాడు. అక్కడ పక్క కారులో అప్పటికే ప్రపంచ విజేత అయిన లూయిస్ హామిల్టన్ ఉన్నాడు. కిరీటం గెలిచిన ఇల్లు వదిలి అలాంటి చోటికి వెళ్ళడానికి గుండె నిబ్బరం కావాలి. బటన్ ఆ నిబ్బరాన్ని ట్రయథ్లాన్‌లో వెతుక్కున్నాడు. ఒలింపిక్ కొలత ప్రకారం అందులో ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు ఆగకుండా పూర్తి చేయాలి. పొడగరి కావడంతో బరువు అతనికి ఎప్పుడూ సమస్యే. అది అదుపులో ఉంచుకోవడానికీ ఈ ఆటే పనికొచ్చింది.

ఈ దారిలో ముళ్ళు లేకపోలేదు. 2008లో మరో ఫార్ములా వన్ డ్రైవరు మార్క్ వెబ్బర్ టాస్మానియాలో తానే నడిపే సుదూర పోటీలో సైకిల్ తొక్కుతూ కారు ఢీకొని కాలు విరగ్గొట్టుకున్నాడు. అయినా మరుసటి ఏడాది జులైలో జర్మనీలో తన తొలి ఫార్ములా వన్ గెలుపు అందుకున్నాడు.

ఇక మనవాళ్ళ సంగతి. తెలుగు మూలాలతో ఈ చరిత్రలోకి వెళ్ళిన దారి కోయంబత్తూరు నుంచి సాగింది. తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు మిల్లులు పెట్టాయి, యంత్రాలు చేశాయి. జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో తన రవాణా వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ ఊరి ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజనుతో ఒంటి సీటు పందెం కార్లు తయారుచేసి, కుర్రాళ్ళకు అందుబాటులోకి తెచ్చాడు. 1995లో చిన్న విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు దగ్గర 2003లో తెరిచిన పందెం బాటకు అతని పేరే పెట్టారు.

ఆ నేల మీద పెరిగినవాడు నారాయణ్ కార్తికేయన్. 1977 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో పుట్టాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ విజేత. కరివర్ధన్ చేసిన ఫార్ములా మారుతి కార్లతో మొదలుపెట్టిన ఈ కుర్రాడు 1996లో ఫార్ములా ఏషియా విజేత అయ్యాడు. 2005లో జోర్డాన్ జట్టులో చేరి ఫార్ములా వన్ పందెంలో దిగిన తొలి భారతీయుడయ్యాడు. ఆ ఏడాది ఇండియానాపోలిస్‌లో టైర్ల భద్రత గొడవతో 14 కార్లు తప్పుకోగా, నిలిచిన ఆరింటిలో నాలుగోవాడిగా వచ్చి అయిదు పాయింట్లు తెచ్చాడు.

ఆ తర్వాత అతని జీవితమంతా జట్ల మార్పే. విలియమ్స్‌లో పరీక్షల డ్రైవరు, ఏ1 పోటీల్లో భారత జట్టు, అమెరికాలో ట్రక్కు పందేలు, 2011లో హిస్పానియా. కొత్త జట్టుకు వెళ్ళినవాడికి మొదటి పని సీటు కొలత. కారు గుంటలో కూర్చోబెట్టి, వీపు కింద నురుగు పోసి, అది గట్టిపడేదాకా కదలనివ్వరు. దర్జీ బట్టకు కొలిచినట్టు వెన్నునూ తుంటినీ కొలుస్తారు. కారు ఎవరిదైనా అచ్చు మాత్రం తన ఒంటిదే.

ఆ ఒళ్ళు ఒకసారి అతనికి ఎదురు తిరిగింది. 2009లో 24 గంటల ల మాన్ పందెం మొదలయ్యే ముందు పిట్ గోడ దూకబోయి పడి భుజం జారింది. ఆడీ కారులో అతని ఇద్దరు సహచరులే ఆ రాత్రీ పగలూ పంచుకుని నడిపారు. అంత దూరం వెళ్ళి చక్రం పట్టలేకపోయిన బాధ ఎంతటిదో ఊహించగలం. అయినా అతను ఆగలేదు. 2011 అక్టోబరు 30న నోయిడా దగ్గర బుద్ధ్ పందెం బాట మీద తొలి భారత గ్రాండ్ ప్రి పూర్తి చేశాడు. 2014 నుంచి అయిదేళ్ళు జపాన్‌లో సూపర్ ఫార్ములా తోలాడు. ఆ అయిదేళ్ళలో నాలుగు జట్లు. 2019లో కప్పు ఉన్న కార్ల వైపు మారి, ఆ నవంబరులో ఫుజి బాట మీద జర్మనీ, జపాన్ జట్లు కలిసి ఆడిన పందెం గెలిచాడు. అప్పటికి అతనికి 42 ఏళ్ళు. ఆ వయసులో జపాన్ కుర్రాళ్ళ మధ్య నెగ్గడం దమ్ము కాపాడుకున్నవాడికే సాధ్యం.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. మన తెలుగు నేల మీద ప్రపంచ స్థాయి కారు పందెం జరగడం అదే మొదలు. దాన్ని చూసి కార్ల కలలు కన్న పిల్లలు మా చోడవరంలోనూ ఉండే ఉంటారు. ఆ పిల్లల తల్లిదండ్రులకు నాదొక మనవి. పందెం కారు కొనివ్వడం అందరివల్లా కాదు. కానీ పోలీసు ఉద్యోగం కోసం మన కుర్రాళ్ళు తెల్లవారకుండానే లేచి పరుగెత్తుతున్న ఆ మైదానం అందరిదీ. ముందు అక్కడికి పంపండి. ఒక సైకిల్ ఇవ్వండి, దగ్గరుండి ఈత నేర్పించండి. కారు ఎప్పుడు దొరుకుతుందో, ఏ జట్టు పిలుస్తుందో మన చేతిలో లేదు. పిలుపు వచ్చిన రోజుకు ఒళ్ళు సిద్ధంగా ఉండటం మాత్రం మన చేతిలోనే ఉంది.